ఇరవై రోజుల బిడ్డకు పాస్‌పోర్టు ఫోటో

పాస్‌పోర్టు ఆఫీసుకు ఎదురుగా ఫోటో స్టూడియోలు అయిదున్నాయి. నాలుగింటికి మెరిసే బోర్డులు. అయిదోదాని బోర్డు వెలిసిపోయి అక్షరాలే కనబడవు. అయినా ఫోటో ఎక్కడ తీయించుకోవాలని ఎవరడిగినా ఆఫీసు కాపలాదారు ఆ వెలిసిన బోర్డునే చూపించేవాడు.

"పిన్ని దగ్గరికెళ్ళండి. మళ్ళీ మళ్ళీ తిరిగే పనుండదు."

పిన్నికి పిల్లలు లేరు. ఊరందరికీ పిన్నే. ఆ స్టూడియో ఆమె భర్తది. ఆయన జ్వరంతో పదిరోజుల్లో పోయినప్పుడు, షాపు ఎవరికైనా అద్దెకిచ్చి ఇంటిపట్టున ఉండమని చుట్టాలందరూ చెప్పారు. అత్తగారు ఒక్కతే ఒప్పుకోలేదు.

"కెమెరా ఏమన్నా రుబ్బురోలా మోయలేకపోడానికి? నువ్వు ఫోటోలు తియ్యి. వచ్చినవాళ్ళకి తల దువ్వుకోడానికి అద్దం నేను పట్టుకుంటా" అంది.

మొదటివారమే ఎదురుదెబ్బ తగిలింది. ఒకాయన పాస్‌పోర్టు కోసం తీయించుకున్న ఫోటో ఆఫీసులో చెల్లలేదు. మళ్ళీ తీసిచ్చింది. అదీ చెల్లలేదు. ఆయన వీధిలో నిలబడి నలుగురూ వినేలా, "రాని పని ఎందుకు పెట్టుకుంటారమ్మా!" అని అరిచి వెళ్ళాడు.

పిన్ని మర్నాడు షాపు తలుపు తీయకుండా నేరుగా ఆఫీసుకెళ్ళి, ఫోటోలు పరీక్షించే కౌంటరు పక్కన నిలబడింది. పొద్దున్నించి సాయంత్రం దాకా ఎవరి ఫోటో వెనక్కొచ్చినా, "ఎందుకు కాదన్నారండీ?" అని అడిగి ఒక నోటుపుస్తకంలో రాసుకుంది. కళ్ళద్దాల మీద వెలుగు పడింది. నుదుటి మీది జుట్టు కనుబొమ్మను కప్పింది. గోడ మీద నీడ పడింది. నవ్వితే పళ్ళు కనిపించాయి. మూడురోజుల్లో పుస్తకం సగం నిండింది. నాలుగోరోజు ఆ అరిచినాయన ఇంటికి తనే వెళ్ళి, వాళ్ళ వరండాలో తెల్లగుడ్డ కట్టి ఫోటో తీసింది. అది చెల్లింది.

ఆ తర్వాత పదమూడేళ్ళలో పిన్ని తీసిన ఫోటో ఒక్కటీ తిరిగి రాలేదు.

ఫోటో తీసి ఊరుకునేది కూడా కాదు. పాత పాస్‌పోర్టు చేతిలో ఉంటే అడిగి తీసుకుని, పేజీలు తిప్పి చూసేది. ఒకసారి ఒక బడిపంతులు వీసా కోసం ఫోటో తీయించుకోడానికి వచ్చాడు. గడువు ఇంకా నాలుగు నెలలుంది కదా అని ధీమాగా ఉన్నాడు.

"మీకు చాలు బాబూ, మీరు వెళ్ళే దేశానికి చాలదు. అక్కడ దిగిన రోజునుంచి ఇంకా ఆరు నెలలు గడువుండాలంటారు. ముందు కొత్తది తీసుకోండి. పెట్టె సర్దుకుని విమానాశ్రయం గేటు దాకా వెళ్ళి తెలుసుకునేకంటే ఇప్పుడే తెలియడం మేలు కదా."

అద్దం పట్టుకున్న అత్తగారు ఊరుకుంటుందా? "నాకే ఆరు నెలలు నమ్మకం లేదు, కాగితాల పుస్తకానికి కావాలిట!" అంది. సరిగ్గా కెమెరా నొక్కేసరికి పంతులు పళ్ళు కనబడేలా నవ్వాడు. పిన్ని మళ్ళీ ఫోటో తీయాల్సి వచ్చింది.

ఒక మంగళవారం పన్నెండు గంటలవేళ ఒక యువకుడు చెమటలు కక్కుకుంటూ షాపులోకి వచ్చాడు. అతనొక వడ్రంగి. ఇరవై రోజుల కిందట కూతురు పుట్టింది. గుండెలో రంధ్రం. ఆపరేషన్ చేసే ఆసుపత్రి సరిహద్దు అవతల ఉంది. అక్కడ మంచం సిద్ధంగా ఉంచారు గానీ, గురువారం ఉదయం దాటితే మరో బిడ్డకు ఇచ్చేస్తారు. ముందురోజు అంబులెన్సులో చెక్‌పోస్టు దాకా వెళ్ళారు. అక్కడ ఆపేశారు.

"నా భార్యకి పాస్‌పోర్టుంది, నాకుంది. చంటిపిల్ల తల్లి పాస్‌పోర్టు మీద వెళ్తుందనుకున్నాం. కాదట పిన్నిగారూ. ఎంత పసిగుడ్డయినా దాని పాస్‌పోర్టు దానికుండాలట. ఆఫీసువాళ్ళు ఈ రోజే ఇస్తామన్నారు. ఫోటో మాత్రం సాయంత్రం నాలుగు గంటలకల్లా ఇవ్వాలన్నారు. నేను ఫోన్లో తీసినవి రెండూ కాదన్నారు."

పిన్ని ఆ రెండూ చూసింది. ఒకదాంట్లో బిడ్డ కళ్ళు మూసుకుంది. రెండోదాంట్లో తల్లి చెయ్యి కనబడుతోంది. రెంటిలోనూ ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం ఉంది.

"పద" అంది పిన్ని, కెమెరా సంచీ భుజాన వేసుకుంటూ.

ఆసుపత్రి గదిలో ఒక మంచం, ఒక కిటికీ. బిడ్డ అరచెయ్యంత ముఖంతో నిద్రపోతోంది. గొట్టం తీయాలనేసరికి నర్సు అడ్డంగా తల ఊపింది. పిన్ని బతిమాలలేదు. "ఎంతసేపైతే ప్రమాదం లేదో మీరే చెప్పండి సిస్టర్. అంతలోనే తీస్తా" అంది. నర్సు వెళ్ళి డాక్టర్ని అడిగి వచ్చింది.

"పది లెక్కపెడతాను. అంతే. నేను ఆపమంటే ఆపెయ్యాలి."

పిన్ని ఉతికిన తెల్లదుప్పటి తెప్పించి ముడత లేకుండా పరిచి, బిడ్డను దాని మీద వెల్లకిలా పడుకోబెట్టించింది. తను స్టూలెక్కి పైనుంచి తీయాలి. ఫ్లాష్ వేస్తే పసికళ్ళు మూతపడతాయి. ఎండ నేరుగా పడినా అంతే. అందుకని తండ్రిని కిటికీ తెర దగ్గర నిలబెట్టింది. ముందు గది చీకటి చేస్తే బిడ్డ కళ్ళు తెరుస్తుంది. అప్పుడు తెర మెల్లగా జానెడు జరపాలి. రెండో పక్క నీడ పడకుండా తల్లి ఒక తెల్ల తువ్వాలు చాపి పట్టుకోవాలి.

మొదటిసారి బిడ్డ కళ్ళు తెరిచి, వెంటనే పెద్దగా ఆవులించింది. నోరు తెరిస్తే ఫోటో చెల్లదు. రెండోసారి ఆరు లెక్కపెట్టేసరికి పెదవులు నీలంగా మారాయి. నర్సు గబుక్కున గొట్టం పెట్టేసింది.

"ఇంకొక్కసారి. ఆ తర్వాత ఎవరు చెప్పినా నేను తీయను."

అరగంట ఆగారు. రెండుంబావు అయింది. తండ్రి గోడకు ఆనుకుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. పిన్ని ఆలోచించి, తువ్వాలు తండ్రికిచ్చి, మంచం పక్కనే ఉన్న తెర పని నర్సుకి అప్పజెప్పి, తల్లిని తన వెనకాల కుర్చీ ఎక్కమంది.

"నువ్వు సరిగ్గా నా తలమీదనుంచి మాట్లాడాలమ్మా. రోజూ ఎలా మాట్లాడతావో అలాగే."

గొట్టం తీశారు. ఒకటి, రెండు. "బంగారూ" అంది తల్లి. మళ్ళీ, "ఇటు చూడు నాన్నా, అమ్మ ఇక్కడుంది" అంది. నాలుగు, అయిదు. బిడ్డ కళ్ళు తెరిచింది. నోరు మూసుకుని, గొంతు వచ్చిన వైపు సూటిగా చూసింది. కెమెరా ఒక్కసారే చప్పుడు చేసింది. "చాలు!" అంది పిన్ని. నర్సు ఏడు దగ్గర ఆపింది.

మూడున్నరకల్లా ఫోటో అచ్చయింది. పిన్ని దాన్ని తనే కౌంటరు దగ్గరకు తీసుకెళ్ళింది. అక్కడి అధికారికి వీధిలో వాపసుగారని పేరు. ఏ కాగితమైనా వెనక్కి పంపడానికి వంక వెతకందే ఆయనకి తోచదు. స్కేలు పెట్టి కొలిచాడు. భూతద్దం తీశాడు.

"ఎడమచెవి కింద నీడ ఉందండీ."

"అది నీడ కాదు. పుట్టుమచ్చ. నా మాట మీద నమ్మకం లేకపోతే రండి, ఆసుపత్రి రెండు వీధుల అవతలే. బిడ్డ అక్కడే ఉంది."

ఆయన ఫోటోను వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత భూతద్దం పక్కన పెట్టి ముద్ర వేశాడు.

"పద్దెనిమిదేళ్ళుగా ఈ కుర్చీలో ఉన్నానమ్మా. ఇంత చిన్న ముఖాన్ని ఇంత స్పష్టంగా ఎప్పుడూ చూడలేదు" అన్నాడు.

బుధవారం మధ్యాహ్నానికి బిడ్డ సరిహద్దు దాటింది. అవతలినుంచి తల్లి ఫోన్ చేసింది. చెక్‌పోస్టులో ఉద్యోగి పాస్‌పోర్టులో ఫోటోనీ, ఒళ్ళో నిద్రపోతున్న బిడ్డనీ మార్చి మార్చి చూసి, "కళ్ళు తెరిస్తే ఇలాగే ఉంటుందా?" అని అడిగాడట. "ఇంకా బాగుంటుందండీ" అందట తల్లి. ఆపరేషన్ అయిదున్నర గంటలు పట్టింది. ఏడోవారానికి బిడ్డ బొద్దు బుగ్గలతో తిరిగి వచ్చింది.

ఆ సంవత్సరమే ఆఫీసువాళ్ళు ఊళ్ళోని ఫోటోగ్రాఫర్లందరినీ పిలిచి, చంటిపిల్లల ఫోటోలు ఎలా తీయాలో పిన్ని చేత చెప్పించారు. ఇరవైమంది దాకా వచ్చారు. మెరిసే బోర్డుల వాళ్ళు నలుగురూ ముందే వచ్చి కూర్చున్నారు. పిన్ని మొదట్లో కాస్త తడబడింది, తర్వాత కెమెరా చేతిలోకి తీసుకున్నాక గంటసేపు ఆగకుండా చెప్పింది.

"ఎన్నిసార్లు ప్రయత్నించాలి మేడమ్?" అని ఒకతను అడిగాడు.

"బిడ్డ ఒప్పుకున్నన్ని సార్లు. తొందర మనది గానీ వాళ్ళది కాదుగా" అంది పిన్ని.

చప్పట్లు మోగాయి. మొదటి వరుసలో కూర్చున్న అత్తగారు పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషి మోచెయ్యి పట్టుకుని గట్టిగా ఊపింది.

"మా కోడలు" అంది. అతను అప్పటికే రెండుసార్లు విన్నాడు. మర్యాదస్తుడు కాబట్టి, "అలాగా అండీ!" అన్నాడు మళ్ళీ.