గుడ్డికొంగకు రెడీ చెప్పిన మా తాత

మా తాత ఇమ్మానుయేల్ పెళ్లిళ్ల ఫోటోలు తీసేవాడు. మా ఊరు ఇటిక్యాల పక్కన. ఆయన స్టూడియో పెబ్బేరులో, పశువుల సంత జరిగే చోటికి దగ్గర్లో ఉండేది. పొద్దున్నే బస్సెక్కి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి వెళ్లి, సాయంత్రానికి వచ్చేవాడు. సంత రోజున ఆయనకు ఇంకో రకం గిరాకీ తగిలేది. ఎద్దులను అమ్ముకోవడానికి వచ్చిన రైతులు, చేయి మారేముందు వాటి పక్కన నిలబడి ఒక ఫోటో దిగేవాళ్లు. తాత రైతులతో పాటు ఎద్దులను కూడా గదవ పైకెత్తమని, గట్టిగా "రెడీ" అని, అప్పుడు కెమెరా నొక్కేవాడు. ఎద్దులు కదిలేవి కావు. ఆయన్ని పాడు చేసింది ఆ ఎద్దులే. రెడీ అంటే లోకంలో ఏ ప్రాణి అయినా ఆగుతుందని నమ్మేశాడు.

అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక స్టూడియో మూతపడింది. చివర్లో కొన్న డిజిటల్ కెమెరా ఒకటి, ముఖం మీద వెలుగు పడేందుకు వాడే వెండిరంగు గొడుగు ఒకటి ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ గొడుగులో మా అవ్వ మిరపకాయలు ఎండబెట్టేది.

అవ్వ పేరు ఎస్తేరమ్మ. తాత బతుకంతా నీడలో నిలబడి పని చేస్తే, అవ్వ బురదలో నిలబడి చేసింది. నాట్లలో ఆమెది గట్టు పక్క మునుం. మునుం అంటే నాటు వేసేటప్పుడు ఒక్కొక్క మనిషి తన వంతుగా పట్టుకునే పాయ. గట్టు పక్కన ఉన్న మనిషి ఎంత చురుగ్గా వెనక్కి జరిగితే మిగతావాళ్లూ అంత చురుగ్గా జరగాలి. పాట ఎత్తుకోవాల్సిందీ ఆమే. అవ్వ చర్చి పాటనూ నాట్ల పాటనూ ఒకే రాగంలో కలిపేసేది. వింటుంటే ఏసుప్రభువు కూడా ఆ మడిలోనే మోకాలి దాకా దిగి నారు పంచుతున్నట్టు ఉండేది.

నిరుడు ఎండాకాలంలో గిన్నెలు కడిగే జాలాడి దగ్గర జారిపడి అవ్వకు తుంటి విరిగింది. గద్వాల దవాఖానలో రాడ్డు వేశారు. ఇంక వంగే పని, బురదలో దిగే పని లేదని డాక్టరు చెప్పాడు. అప్పటి నుంచి అవ్వ మంచం మీదే. ఈ వానాకాలం కాలువకు నీళ్లు వదిలారు. నాటుకు మడిని బురద చేస్తూ ట్రాక్టర్లు కరిగెట దున్నే చప్పుడు ఆమె మంచం దాకా వినపడేది. కనపడేది మాత్రం గోడ, గోడ మీద బల్లి. అన్నం సగం తిని పళ్లెం పక్కకు నెట్టేది. తాతను తిట్టడం కూడా తగ్గించింది. మా ఇంట్లో అది జ్వరం కన్నా భయపడాల్సిన సంగతి.

ఒక పొద్దున తాత ఆమెకు తల దువ్వుతుంటే అడిగింది.

"నాకు గుడ్డికొంగ లేసేది ఒక్కపారి సూడబుద్దయితుంది."

గుడ్డికొంగ తెల్లకొంగలాగా నలుగురిలో కనపడే పక్షి కాదు. మట్టి రంగులో మడి అంచున ముడుచుకుని, మనిషి కాలు దాని మీద పడబోయేదాకా కదలదు. అందుకే దానికి గుడ్డిది అని పేరు. లేచిందంటే మాత్రం రెక్కల కింద దాచుకున్న తెలుపంతా ఒక్కసారి బయటపడుతుంది. నాటు వేస్తూ వెనక్కి జరిగే అవ్వ కాళ్ల దగ్గరే అది ఎన్నోసార్లు లేచిందట. ప్రతిసారీ గుండె జల్లుమనేదట.

"ఊర్లోళ్ల పెండ్లిళ్లన్ని ఫోటోల దింపినవు. నాకు గా ఒక్క కొంగను దింపుకరా. నాట్లు అయిపోతే మల్ల కండ్లవడదు" అంది.

ముందు నేనే ఫోను పట్టుకుని పొలానికి పరుగెత్తాను. పదో తరగతి లెక్కల్లో తప్పి ఇంట్లో ఉన్నదాన్ని, ఇంకేం పని. తెచ్చిన ఫోటోను అవ్వ కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. నాకు పాస్టరు పెట్టిన పేరు హెప్సిబా. అవ్వ నోట్లో అది గంజి వార్చే సిబ్బి అయింది.

"ఓ సిబ్బీ, ఇది కొంగనా, తలల ఈపినా?" అని అడిగింది.

అప్పుడు తాత దిగాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, నూనె రాసి తల దువ్వి, పెళ్లికి వెళ్తున్నట్టు పొలానికి బయలుదేరాడు. నేను వెనకాల వెండి గొడుగు మోశాను. నాటు వేస్తున్న ఆడవాళ్లు మమ్మల్ని చూసి, కొంగల పెండ్లి ఎప్పుడు, భోజనాలు ఏ పూట అని అడిగారు. తాత పట్టించుకోలేదు. ట్రాక్టరు వెనకాల పురుగులు ఏరుకుంటున్న తెల్లకొంగలను చూసి గట్టు మీద మోకాళ్లూనాడు. గుడ్డికొంగ కనపడేదాకా వీటితో చేయి అలవాటు చేసుకుంటానన్నాడు. చాలాసేపు కదలకుండా కాచుకున్నాడు. ఒక కొంగ మెడ చాచి మా వైపు నిలబడింది. పెళ్లికూతురు కూడా అంత ఒద్దికగా నిలబడదు.

"రెడీ" అన్నాడు తాత.

కొంగ వెళ్లిపోయింది. ఆ కెమెరా కూడా ఆయన లాంటిదే, నొక్కాక ఆలోచించుకుని గానీ పని చేయదు. ఫోటోలో మిగిలింది బురద, ఓ మూల ఒక నల్లటి కాలు.

అరవకుండా నొక్కమని చెప్పాను. ప్రయత్నించాడు. నోరు మూసుకుంటే వేలు కదలడం లేదు. నోరు, వేలు ఒకే తాడుకు కట్టినట్టు ఉన్నాయి ఆయనకు. మరుసటి రోజు ఆయన నోట్లో పెద్ద బెల్లం ముక్క పెట్టాను. "లెడీ" అన్నాడు. కొంగకు ఆ మాట కూడా అర్థమైంది. ఇంటికొచ్చి అవ్వకు ఏం చెప్పాలో తెలియక కాళ్లు కడుక్కుంటూ చాలాసేపు బయటే ఉండేవాడు. లోపలి నుంచి అవ్వ, దొరికిందా అని అడగడం కూడా మానేసింది. అది తాతకు తిట్ల కన్నా ఎక్కువ తగిలింది.

ఊళ్లో నాట్లు చివరికి వచ్చాయి. కాలువ కింద రెండు మడులే మిగిలాయి. ఆ రోజు తాత బెల్లం వద్దన్నాడు. గుడ్డికొంగ ఎక్కడా లేదు. సరేనని దూరంగా ఉన్న ఒక తెల్లకొంగ మీదికి కెమెరా తిప్పి, ఉన్న కోపమంతా కలిపి "రెడీ" అని అరిచాడు. తెల్లకొంగ ఎగిరిపోయింది. ఆ అరుపుకు మా ముందున్న మట్టిగడ్డ కూడా లేచింది. అది గడ్డ కాదు. కెమెరా ఆలోచించుకుని టక్కుమనేసరికి, రెక్కలు రెండూ పూర్తిగా విప్పి, వీపు మాత్రమే మట్టి రంగుగా, మిగతాదంతా తెల్లగా గుడ్డికొంగ మా ముఖాల ముందు ఉంది.

తాత నా వైపు చూసి, చూసినవా, రెడీ అంటే వింటదని అన్నాడు.

కాగితం మీద లేనిది ఫోటోనే కాదని తాత పట్టుదల. ఆ పూటే పెబ్బేరు పోయి క్యాలెండరంత సైజులో వేయించుకుని వచ్చాడు. అవ్వను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి చేతికిచ్చాడు. అవ్వ రెక్కల మీద వేలు పెట్టి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూసింది. వేలు మెల్లగా కొంగను దాటి పైకి పోయింది. అక్కడ, కొంగ వెనకాల, చీరలు ఎగదోపుకుని వంగి ఉన్న ఆడవాళ్ల వరుస పడింది. మేమిద్దరం దాన్ని చూడనే లేదు. అవ్వ వేలు ఆ వరుస మీద నడిచి గట్టు దగ్గర ఆగింది.

"నా మునుంల నిలబడ్డది ఎవరు?"

తాత కళ్లద్దాలు సర్దుకుని, అంజమ్మ లెక్క ఉందన్నాడు. అంజమ్మ మా వెనకింటామె.

"దాన్ని జర జరగమను" అంది అవ్వ. ఫోటోను గుండె మీద బోర్లించుకుని గోడ వైపు తల తిప్పుకుంది. రాత్రి అన్నానికి లేవలేదు.

పొద్దున తాత ఇస్త్రీ చొక్కా వేసుకోలేదు. నన్ను గొడుగు తెమ్మనలేదు. ఆఖరి మడి దగ్గరికి పోయి, చెప్పులు విడిచి గట్టు మీద నిలబడి, అంజమ్మను పిలిచి అవ్వ మాట అన్నది అన్నట్టు చెప్పాడు. ఆడవాళ్లు మొదట నవ్వారు. తర్వాత నవ్వలేదు. అంజమ్మ చేతిలో నారు కట్టతోనే ఒక అడుగు పక్కకు వేసింది. ఆమె జరిగితే పక్కామె జరిగింది. అట్లా వరుసంతా జరిగి, గట్టు పక్కన ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా మిగిలింది. పాట ఎత్తుకునే మనిషి లేక అందరూ మౌనంగానే వంగారు. తాత కెమెరా ఎత్తి అక్కడ కూడా రెడీ అన్నాడు. ఎవరూ కదలలేదు.

ఆ ఫోటోలో కొంగ లేదు. అవ్వ దాన్ని దీపం దగ్గరికి పట్టుకుని, మేము కూర్చుని కూర్చుని లేచేదాకా చూసింది.

"శాన జాగ ఇడిసిండ్రు" అంది చివరికి. "నేను గంత లావు లేను."