అరలు నిండిన రోజు

సుమతి మేడం ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. లైబ్రేరియన్ అని చెబితే, "అంటే పేపర్లు సర్దుడేనా?" అంటారు. పేపర్లు సర్దే పని కూడా ఇప్పుడు లేదని, ఆమె చేత కుర్చీలకు కాపలా కాయిస్తున్నారని వాళ్లకు చెప్పి ఏం లాభం? నేను ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. పేరు నర్సయ్య. ఆమె కొత్తగా కోదాడ లైబ్రరీలో చేరి, సూర్యాపేట నుంచి రోజూ నా బస్సులో పోయివచ్చేది. ఎప్పుడూ ఒళ్లో పుస్తకమే. టికెట్ కోసం పిలిచినా తల ఎత్తేది కాదు. ఒకరోజు విసుగొచ్చి "ఏమున్నది మేడం గండ్ల, గంత మునిగిపోయినవ్?" అన్నాను. ఆమె ఆ పుస్తకం నా చేతిలో పెట్టి దిగిపోయింది. నాకు చదువు అంటించింది అట్లా.

కోదాడలో అప్పుడు ఆమె పనికి ఒక మర్యాద ఉండేది. మధ్యాహ్నం వంటపని ముగించుకుని ఆడవాళ్లు వచ్చేవారు. "ఏమండీ, రెండో భాగం వచ్చిందా? మా వదిన నిద్రపోవట్లేదండీ దానికోసం" అని సరిహద్దు అవతలి మాటతీరులో అడిగేవారు. రెండో భాగం వచ్చినా, మొదటిది చదవనివాళ్ల కంట పడకుండా సుమతి మేడం దాన్ని బల్ల సొరుగులో దాచేది. ఎవరు ఏది చదివారో, ఎవరికి ఏది ఇస్తే మొహం వెలుగుతుందో ఆమెకు తెలుసు. పుస్తకం చినిగితే తనే కూర్చుని గంజి కలిపి అట్ట అతికించేది. ఆ గంజి చేతులతోనే బస్సెక్కేది.

తర్వాత సూర్యాపేటకు మారింది. ఇంటి దగ్గరికి వచ్చానని సంతోషపడింది, పాపం. అక్కడ కంప్యూటర్ ఇచ్చి పుస్తకాల పేర్లన్నీ ఎక్కించమన్నారు. సగం కూడా ఎక్కించకముందే ఆ కంప్యూటర్ ఉద్యోగాల దరఖాస్తులకు, హాల్ టికెట్లకు అంకితమైపోయింది. పిల్లలు వరుస కట్టేవారు, ఈమె టైపు కొట్టేది. అది చాలక ఓటర్ల జాబితా అన్నారు, ఇంటింటి సర్వే అన్నారు, ఎలక్షన్ డ్యూటీ అన్నారు. ఆ రోజుల్లో ఆమెను లైబ్రరీలో కంటే గల్లీల్లోనే ఎక్కువ చూశాను, చంకలో కాగితాల కట్టతో. గవర్నమెంటు దృష్టిలో లైబ్రేరియన్ అంటే ఎప్పుడూ ఖాళీగా ఉండే మనిషి. ఖాళీగా ఉన్నదని వాళ్లే అనుకుంటారు, వాళ్లే ఆ ఖాళీ నింపుతారు.

జిల్లాలు వేరుపడి ఉద్యోగులను పంచుకున్నప్పుడు ఆమె పేరు ఇటువైపు, మిర్యాలగూడ ఉన్న జిల్లాకు పడింది. మిర్యాలగూడలో రైస్ మిల్లుల పక్క వాడలో రెండు గదుల శాఖ. నేను అప్పటికే రిటైరై ఆ వాడలోనే ఇల్లు కట్టుకున్నాను. ముందు గదిలో పేపర్లు, వెనక గదిలో పుస్తకాలు. పేపర్ల గదిలో నాలాంటి ముసలివాళ్లం నలుగురం. జనం రావడం లేదు కాబట్టి మూసేస్తామని పైనుంచి మాట వచ్చింది. అప్పుడు సుమతి మేడం కిరాయి రూముల్లో ఉండి పరీక్షలకు చదివే పిల్లల దగ్గరికి పోయి, "మా దగ్గర ఫ్యాన్ ఉన్నది, నీళ్లున్నయి, రండి" అని పిలిచింది. కాంపిటేటివ్ పుస్తకాలు తెప్పించింది. వాళ్లకోసం పొద్దున్నే తలుపు తీయడం మొదలుపెట్టింది. శాఖ బతికింది. ఆమెకు చుట్టుకున్నదీ అదే.

పిల్లలు నిండిపోయారు. బస్సు కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు ఆపుకునే మన అలవాటు మీకు తెలుసు. నా ఉద్యోగమంతా ఆ కర్చీఫుల పంచాయితీలతోనే గడిచింది. లైబ్రరీలోనూ అదే మొదలైంది. తెల్లారేసరికి కుర్చీల మీద తువ్వాళ్లు, సంచులు, నీళ్ల సీసాలు! మాడుగులపల్లి నుంచి వచ్చి గ్రూప్స్‌కు చదివే ధర్మేందర్ అనే పిల్లవాడు వాళ్లకు పెద్ద. చెడ్డవాడేం కాదు. "మేడం, ఎనక రూముల బుక్కులు ఊకనే ఉన్నయి. అవి తీపిస్తే ఇంకిన్ని కుర్చీలు వడ్తయి" అని ఆమెకే చెప్పాడు. ఆమె వినకపోయేసరికి అందరి సంతకాలతో పై ఆఫీసుకు అర్జీ పెట్టాడు. ఆమె పిలిచి కూర్చోబెట్టిన పిల్లలే ఆమె గదికి ఎసరు పెట్టారు. నేను తిట్టబోతే ఆమే ఆపింది. "ఆళ్ల బాధ ఆళ్లది, నర్సయ్యన్నా. ఉద్యోగాలు రాక పరేషాన్ల ఉన్నరు" అన్నది.

వెనక గదిలో పుస్తకాలు ఊరికే ఉన్నాయన్న మాట మాత్రం అబద్ధం. ఆ గదికి చదువరులు ఉన్నారు, కాని వాళ్లు కంటికి కనబడరు. రాములమ్మ అని, మిల్లులో ఊడ్చి, సంచులు కుట్టే మనిషి. ఏడో తరగతి దాకా చదివింది. నీళ్ల కోసం లైబ్రరీకి వచ్చి, గోడకు అంటించిన పుస్తకం అట్ట బొమ్మ చూసి, "గీ కథ ఏంది మేడం?" అని అడిగింది. సుమతి మేడం పుస్తకం ఇచ్చింది. అన్నం తినే టైంలో రాములమ్మ పైకి చదివితే తక్కినవాళ్లు విన్నారు. తర్వాత వాళ్లలో చదవగలిగిన ఇంకొందరు వచ్చారు. వాళ్లు ఒక్కొక్క పుస్తకం పట్టుకుపోయి ఇంటి దగ్గర పిల్లల చేత చదివించుకున్నారు. మెంబరు కావాలంటే ఇల్లో ఉద్యోగమో ఉన్న మనిషి జామీను సంతకం పెట్టాలి. మిల్లు కూలీకి ఎవడు పెడతాడు? అందుకని సుమతి మేడం నోటిమాట మీద ఇచ్చేది. ఎవరి దగ్గర ఏది ఉందో ఆమెకు, అటెండర్ అచ్చయ్యకు నోటికి వచ్చు. పుస్తకం తిరిగొచ్చినప్పుడు పేజీల్లోంచి తవుడు రాలేది. "గిట్లయితే ఎట్ల రాములమ్మా, బుక్కా ఇది, బస్తానా?" అని మేడం కసురుకునేది. కసురుకుంటూనే మొహమంతా నవ్వయ్యేది. కోదాడ వదిలాక ఆమె అట్లా నవ్వడం నేను మళ్లీ ఆ గదిలోనే చూశాను.

అర్జీ మీద విచారణకు పై ఆఫీసు నుంచి సార్ వస్తున్నాడని ఫోన్ వచ్చింది. గది ఉంటుందో పోతుందో ఆయన చూసి తేలుస్తాడు. సుమతి మేడం ధైర్యంగానే ఉంది. "అన్నా, సగం అరలు ఖాళీగున్నయి. సార్‌కు ఆ ఖాళీలే సూపిస్త. బుక్కులన్నీ ఇండ్లల్ల ఉన్నయి సార్, జామీను లేకుండ వీళ్లను మెంబర్లుగ రాసుకోనియ్యిరి అని అడుగుత" అన్నది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆమె తనకోసం ఏమీ అడగలేదు. ఈ ఒక్క గది అడగబోయింది. పోయేముందు అచ్చయ్యతో, "రేపు సార్ వస్తున్నడు, గది జర మంచిగ ఉండాలె" అని చెప్పి సాయంత్రం సూర్యాపేట బస్సెక్కింది. అంతే చెప్పింది.

మన దగ్గర తనిఖీ అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. రేషన్ షాపైనా, అంగన్‌వాడీ అయినా, హాస్టలైనా, సార్ వచ్చే రోజుకు ఉండవలసినవన్నీ ఉండవలసిన చోట ఉండాలి. లేకపోతే అక్కడున్న మనిషి మెడకు చుట్టుకుంటుంది. అచ్చయ్య పుట్టిన దగ్గర్నుంచి చూసింది అదే. మేడం బస్సెక్కగానే సైకిల్ తీసి మిల్లులకు పోయాడు. "సార్ చెకింగ్‌కు వస్తున్నడు, బుక్కులు తక్కువైతే మేడం నౌకరికే దెబ్బ" అని రాములమ్మకు చెప్పాడు. రాములమ్మ అందరికీ చెప్పింది. ఎంత మంచి మనుషులు! మనలో ఒకడైనా లైబ్రరీ పుస్తకం అడగకుండా తిరిగి ఇచ్చాడా? వాళ్లు అందరూ ఇచ్చారు. తవుడు దులిపి, తడిగుడ్డతో అట్టలు తుడిచి, చినిగినచోట అతికించి, ఆ రాత్రికే తెచ్చి ఇచ్చారు. చదవడం సగంలో ఉన్నవాళ్లు కూడా ఇచ్చారు.

పొద్దున సుమతి మేడం వచ్చి వెనక గది తలుపు తీసి అక్కడే నిలబడిపోయింది. నేను వెనకాలే ఉన్నాను. అరలన్నీ నిండుగా ఉన్నాయి. ఒక్క సందు లేదు. అచ్చయ్య పక్కన నిలబడి, "ఒక్కటి గూడ తగ్గలే మేడం. మీరు బేఫికర్‌గ ఉండుండ్రి" అన్నాడు. అంత గర్వంగా ఆ మనిషిని నేను ఎప్పుడూ చూడలేదు. బయట అప్పటికే కారు ఆగింది.

సార్ మర్యాదస్తుడు. గదంతా తిరిగాడు. అక్కడొకటి ఇక్కడొకటి తీసి చూశాడు. "చాలా శుభ్రంగా పెట్టారు మేడం. ఎవరూ ముట్టినట్టు కూడా లేదు" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. సుమతి మేడం అప్పుడు నోరు విప్పింది. ఇవన్నీ నిన్నటి దాకా మిల్లు ఆడవాళ్ల దగ్గర ఉన్నాయని, తనకోసం భయపడి తెచ్చి ఇచ్చారని మొత్తం చెప్పింది. సార్ తలుపు దగ్గర ఆగాడు. "ఆ మాట నేను విననట్టే పోతాను మేడం. మెంబర్లు కానివాళ్లకు ఇచ్చారని రాస్తే మీకు మెమో వస్తుంది. సగం అరలు ఖాళీగా కనబడి ఉంటే, పుస్తకాలు జనంలో తిరుగుతున్నాయని రాసి ఈ గది జోలికి నేనూ వచ్చేవాణ్ణి కాదు. ఇట్లా నిండుగా ఉంటే ఏమని రాయమంటారు?" అన్నాడు. ఆయన కారెక్కాక ధర్మేందర్ వచ్చి ఆమెకు దండం పెట్టాడు. నాకు ఆ దండం పెట్టిన చేతులు విరిచేయాలనిపించింది. తప్పు వాడిది కాదని తెలిసినా అనిపించింది. అచ్చయ్య అక్కడే, అరల పక్కన, చేతిలో తుడిచే గుడ్డతో ఉన్నాడు. అంతసేపూ అక్కడే ఉన్నాడు.

పుస్తకాలను మిల్లు సంచుల్లోనే కుక్కి ఎక్కడో ఉన్న గోడౌన్‌కు పంపారు. వెనక గదికి కొత్త కుర్చీలు వచ్చాయి. కుర్చీల కొట్లాటలు తీర్చడానికి సుమతి మేడం పొద్దున్నే తలుపు దగ్గర నిలబడి టోకెన్లు పంచుతుంది. ఒక పిల్లవాడు ఆమెను "వాచ్‌మెన్ ఆంటీ" అన్నాడు, నా ఎదురుగానే. ఆమె వానికి కూడా టోకెన్ ఇచ్చింది.

కుర్చీలు దించిన సాయంత్రమే మిల్లు వదిలాక రాములమ్మ వచ్చింది. వెనకాల ఇంకో నలుగురు. తల మీది తవుడు కూడా దులుపుకోలేదు.

"మేడం, సార్ ఏమన్నడు? బుక్కులన్నీ లెక్కకొచ్చినయా?"

"వచ్చినయి రాములమ్మా. ఒక్కటి తగ్గలే."

"నీకేం మాట రాలే గద?"

"రాలే."

"మరింక మా బుక్కులు మాకియ్యి. నా కథ ఆ పిల్ల ఇల్లిడిసి పోయిన కాడ ఆగింది" అంటూ రాములమ్మ లోపలికి తొంగిచూసింది. కుర్చీలు చూసింది. "బుక్కులేడవాయె మేడం?"

"పట్కపోయిన్రు. ఎవరు సదువుతలేరని."

ఆ అయిదుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రాములమ్మే నెమ్మదిగా అడిగింది. "మేం తెచ్చియ్యకపోతే గది ఉండునా మేడం?"

సుమతి మేడం ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "ఉండకపోతుండె రాములమ్మా. ఆళ్లు ముందే అనుకొని వచ్చిన్రు. మీరు తెచ్చినా, తేకున్నా గది పోతుండె."

ఆ మాట నమ్మి వాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. మేడంకు మాట రానియ్యలేదన్న తృప్తితో ఇళ్లకు పోయారు. అచ్చయ్య గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నాడు. తలుపు దగ్గర సార్ అన్న మాటా అతను విన్నదే. వెనక గదిలోకి పోయి కుర్చీలు వరుసగా వేయసాగాడు.