మూడో కొలత

మంచినీటి పరీక్షశాలలో ఆయన ఇరవై ఆరేళ్ళుగా కెమిస్టు. సన్నని గాజు గొట్టంలోంచి ఫ్లాస్కులోని నీటిలోకి రసాయనం చుక్కలు చుక్కలుగా వదులుతూ, నీటి రంగు మారిన క్షణాన అంకె చూసుకుంటాడు. మూడుసార్లు కొలిచి, మూడూ కలిస్తే తప్ప సంతకం పెట్టడు. తోటివాళ్ళు ‘మూడోసారి మాస్టారు’ అని పేరు పెట్టారు.

“పెళ్ళికి ముందు మా ఇంటికి మూడుసార్లొచ్చారు. అంతగా నచ్చేశాననుకుని మురిసిపోయాను. సరిచూసుకోవడానికట!” అని భార్య ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

అన్నయ్యతో మాటలు లేక నాలుగేళ్ళయింది. అమ్మ జ్ఞాపకార్థ ప్రార్థనలో అన్నయ్య కన్నీళ్ళతో, “అమ్మ పాట పాడుతూనే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది” అన్నాడు. ఈయన లేచి, “అమ్మ పోయేసరికి పాట ఆగి రెండు రోజులైంది, అన్నయ్యా” అని దిద్దాడు. సంఘమంతా వింది. అన్నయ్య మైకు బల్లమీద పెట్టి బయటికి నడిచాడు.

ఆయన ప్రార్థన ఉదయం అయిదున్నరకు. కాగితం మీద రాసుకున్న విన్నపాలు పద్దెనిమిది. అవి చదవడం కాగానే ఆమెన్. ఒక సోమవారం, ఆమెన్‌కు ముందు ఊపిరి తీసుకున్నంతసేపట్లో, ‘మీ అన్న దగ్గరికి వెళ్ళు’ అన్న తలంపు కలిగింది. చెవికి వినబడిన స్వరం కాదు. కానీ తనంతట తాను అనుకునే మాటా కాదు. గురువారం మళ్ళీ అదే.

భార్యతో చెప్పాడు.

“మరి వెళ్ళరేం?”

“నా మనసే కల్పించుకుంటోందేమో. మూడోసారీ వస్తే దేవుడి మాటే అనుకుంటాను.”

“ఆయనక్కూడా పరీక్షేనా? దేవుడేమన్నా మీ ఫ్లాస్కులో నీళ్ళా?”

మూడోసారి రాలేదు. ఆదివారం మధ్యాహ్నం వదిన ఫోను చేసింది. అన్నయ్యకు పక్షవాతం, మాట పడిపోయింది.

“వారమంతా నీ మాటే, బాబూ,” అంది వదిన ఆసుపత్రి గదిలో. “‘వాడొస్తే అమ్మ గురించి ఒకటి చెప్పాలి’ అన్నారు. ఏమిటో నాక్కూడా చెప్పలేదు.”

అమ్మ పోయిన గంటలో తాను పరీక్షశాలలో ఉన్నాడు. మంచం పక్కనున్నది అన్నయ్య ఒక్కడే. నాలుగేళ్ళలో ఈ చిన్న వాస్తవాన్ని ఒక్కసారైనా సరిచూసుకోలేదు.

మోకరించాడు. చేతిలో కాగితం లేదు.

“అన్నయ్యా, నేనక్కడ లేను. నీకే తెలుసు. తప్పు నాది.”

అన్నయ్య పెదవులు కదిలాయి. శబ్దం మాట కాలేకపోయింది. ఎడమచెయ్యి అంగుళమంత లేచి పడింది. రమ్మనో, పొమ్మనో తేల్చే కొలత ఏదీ లేదు. మళ్ళీ లేస్తుందేమోనని ఆయన ఆగలేదు. ఆ చేతిని పట్టుకుని, ఏమీ అడగకుండా, వింటూ కూర్చున్నాడు.