ఆదినారాయణ తలల లెక్క

ఆదినారాయణకు మనుషుల్ని లెక్కపెట్టడం తప్ప వేరే విద్య రాదు. ఆ ఒక్కటీ మాత్రం ఆయనకు వచ్చినట్టు ఇంకెవరికీ రాదు. కృష్ణానగర్ సందుల్లో జూనియర్ ఆర్టిస్టులను పోగుచేసి, తెల్లారేసరికి షూటింగ్ దగ్గర దింపే ఏజెంటుగా ఇరవై ఆరేళ్లు బతికాడు. పెళ్లి సీనుకు రెండొందల మంది కావాలంటే రెండొందల మందే దిగేవారు. ఒకరు తగ్గేది లేదు, ఒకరు పెరిగేది లేదు. ఒకసారి బస్సు దిగి నిలబడ్డ గుంపును ఓ చూపు చూసి, "నూట తొంభై తొమ్మిది. ఒకడు బస్సుల్నే పండుకున్నడు, లేపుండ్రి" అన్నాడట. వెళ్లి చూస్తే వెనక సీట్లో ఒకడు నిజంగానే గురక పెడుతున్నాడు. ఆ తర్వాత ఆదినారాయణ తెచ్చిన గుంపును ఎవరూ మళ్లీ లెక్కపెట్టలేదు.

అదంతా గడిచిపోయిన వైభవం. మోకాళ్లు అరిగాక, సెల్‌ఫోన్లు పట్టుకున్న కుర్ర ఏజెంట్లు వచ్చాక, ఆయన్ను పిలిచేవాళ్లు లేకపోయారు. ఐదేళ్ల కిందట తబిత టీచర్ తన బడిలో అటెండర్ పని ఇచ్చింది. అటెండర్ అన్నది పేరుకే. గంట కొట్టడం, గేటు కాయడం, నీళ్లు నింపడం, కుర్చీలు మోయడం అన్నీ ఆయనవే. పొద్దున లేస్తే మోకాళ్లు, సాయంత్రానికి నడుము. మధ్యలో నూట పద్దెనిమిది మంది పిల్లలు.

ఫిల్మ్‌నగర్ నుంచి జూబ్లీ హిల్స్ ఎక్కే రోడ్డు పక్కన, బండరాళ్ల నడుమ ఉన్న పాత రెండంతస్తుల ఇల్లే ఆ బడి. పేరు చిగురు విద్యాలయం. సెట్లు వేసే వడ్రంగుల పిల్లలు, లైట్‌మెన్ పిల్లలు, డ్రైవర్ల పిల్లలు మొదట్నుంచీ ఉన్నారు. ఈమధ్య మాధాపూర్ కంప్యూటర్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు చుట్టుపక్కల ఇళ్లు కిరాయికి తీసుకోవడంతో వాళ్ల పిల్లలూ కలిశారు. తెనాలి దగ్గర్నుంచి వచ్చిన తబిత టీచర్ ఇరవై రెండేళ్లుగా ఒంటి చేత్తో ఆ బడిని లాక్కొస్తోంది. ఆవిడకు ఒక అలవాటుంది. ప్రతి సోమవారం వరండాలో నల్లబోర్డు మీద 'రాబోయే కార్యక్రమాలు' అని రాసి, ఏ రోజు ఏముందో గుండ్రటి అక్షరాలతో పెడుతుంది. అయితే రెండు వేల ఐదు డిసెంబరులో ఆ బోర్డు మీద వార్షికోత్సవం తేదీ తర్వాత ఏమీ లేదు. కింద సగం బోర్డు ఖాళీ.

కారణం ఇంటి ఓనరు ఓంప్రకాష్. చెడ్డవాడు కాడు. ఆ ఇంటిని గెస్ట్‌హౌస్ చేసుకుంటామని ఒక కంపెనీ వచ్చింది, ఆయన కొడుకులు ఇచ్చెయ్యమని పోరుతున్నారు. ఆయన బడికి వచ్చి తబిత ఎదురుగా కూర్చుని నెత్తి గోక్కున్నాడు.

"పోయిన సంవత్సరం ఫంక్షన్‌కు నేను వచ్చిన కద టీచరమ్మా. పదకొండు మంది ఉండ్రి. తల్లిదండ్రులకే ఫికర్ లేని బడి మనకెందుకని నా కొడుకులు అంటుండ్రు. ఈపాలి మళ్ల వస్త. యాభై మంది తల్లిదండ్రులు వచ్చి కూసుంటే ఇంకో మూడేండ్లకు అగ్రిమెంట్ రాస్త. లేకుంటే ఏప్రిల్‌ల ఖాళీ చెయ్యుండ్రి."

ఆ రోజు నుంచి తబిత నూట పద్దెనిమిది ఇళ్లకూ తానే ఫోన్ చేసింది. గొంతు బొంగురుపోయింది. "అందరూ వస్తామనే అన్నారండీ ఆదినారాయణగారూ" అంది.

ఆదినారాయణ తలూపాడు గానీ నమ్మలేదు. రాలేమని ఫోన్లో ఎవరంటారు? సెట్లో పనిచేసేవాణ్ణి ఆరింటి దాకా వదలరు. మాధాపూర్‌లో పనిచేసేవాణ్ణి చెక్‌పోస్ట్ దగ్గర ట్రాఫిక్ వదలదు. రాత్రి షిఫ్టు చేసే తల్లికి సాయంత్రం అంటే తెల్లవారుజాము. ఎవర్నని ఏం లాభం? అందరూ అలిసిపోయే ఉన్నారు. అందుకే తబితకు చెప్పకుండా కృష్ణానగర్ వెళ్లాడు. చెబితే ఆవిడ ఒప్పుకోదని ఆయనకు తెలుసు.

అక్కడ పాతకాలపు మనుషులు ఇంకా ఉన్నారు. చావు సీన్లలో ఏడ్చే బుచ్చమ్మ వాళ్లకు పెద్ద. "నీ మాట ఎన్నడన్న కాదన్ననా అన్నా? మా అందరికి టిఫిన్ అందినంకనే నువ్వు తినెటోనివి. ఎంతమంది గావాలె?" అంది.

యాభై అంటే సరిపోయేది. కానీ ఖాళీ కుర్చీ కంటబడితే ఆదినారాయణకు ఒళ్లు మంట. బడిలో కుర్చీలు వంద. "వంద మంది" అన్నాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అన్లేదు. తొక్కేముందు ఆ మాట గుర్తొచ్చినవాడు మాత్రం ఇంతవరకూ లేడు.

శనివారం నాలుగున్నరకే వంద మందీ వచ్చి కూర్చున్నారు. ఇస్త్రీ చీరలు, టక్కు చేసిన చొక్కాలు. నేను చెయ్యెత్తితే చప్పట్లు, దించితే ఆపాలె, చివరి కుర్చీలోడు నన్ను కనిపెట్టాలె, మిగిలినోళ్లు వాన్ని అందుకుని స్టేజీ దిక్కే చూడాలె, ఎవ్వరూ నోరు తెరవొద్దు అని చెప్పి, ఆదినారాయణ కుర్చీల వెనక ఉన్న గేటు దగ్గర నిలబడ్డాడు. ఐదింటికి ఓంప్రకాష్ వచ్చి, కుర్చీలు చూసి, "అరె వా!" అంటూ ముందు వరుసలో తనకోసం వేరేగా వేసిన టీచరు కుర్చీలో కూర్చున్నాడు. అప్పటికి అసలు తల్లిదండ్రులు ఒక్కరూ రాలేదు. నేను అనుకున్నదే అయింది కదా అని ఆదినారాయణ కాస్త గర్వపడ్డాడు కూడా.

స్టేజీ వెనక పిల్లల బట్టలకు అట్టముక్కలు గుచ్చుతున్న తబిత, తెర పక్కనుంచి ఒకసారి తొంగిచూసింది. కళ్లజోడు లోపలే మరిచింది, తలలు తప్ప మొహాలు ఆనలేదు. చుట్టు తిరిగి గేటు దాకా పరుగున వచ్చింది. కళ్లనిండా నీళ్లు. "నా ఫోన్లు పనిచేశాయండీ! చూశారా ఎంతమంది వచ్చారో!" అని, జవాబు కోసం ఆగకుండా మళ్లీ లోపలికి పోయింది. ఇరవై రెండేళ్లలో ఆవిడ అలా పరుగెత్తగా చూసినవాళ్లు లేరు.

ఐదుంబావుకు గేటు దగ్గరికి ఒకతను వచ్చాడు. నాలుగో తరగతి పిల్లాడి తండ్రి, లైట్‌మ్యాన్. పని మధ్యలో అడిగి వచ్చినట్టున్నాడు, చేతులకు నల్లమరకలు ఇంకా ఉన్నాయి. వెనకాలే ఇద్దరు ఆడవాళ్లు. ఆ వెనక ఆటో దిగుతూ మరో ముగ్గురు.

లోపల కూర్చునేందుకు జాగా లేదు. వీళ్లు పోయి నిలబడితే, ఈ కూర్చున్నవాళ్లంతా ఎవరని అడుగుతారు. ఓంప్రకాష్ వింటాడు. ఆలోచన తెగకముందే చెయ్యి అడ్డంగా లేచింది. షాటు నడుస్తుండగా మధ్యలోకి వచ్చేవాళ్లను ఆపిన చెయ్యి అది. దానికి వేరే సంగతి తెలియదు.

"జర ఆగుండ్రి. సీను నడుస్తున్నది. మధ్యల పోవద్దు."

వాళ్లు ఆగారు. పెద్దమనిషి చెప్పాడు కదా అని ఆగారు. జనం వస్తూనే ఉన్నారు. మెడలో ఆఫీసు కార్డులతో కొందరు, సెట్టు రంగులు అంటిన బట్టలతో కొందరు. పావుగంట చూసి, క్యాబ్ వెళ్లిపోతుందని ఒకామె వెళ్లిపోయింది. లోపల నిండిపోయిందట అని ఒకాయన బండి తిప్పుకున్నాడు. లైట్‌మ్యాన్ గడియారం చూసుకుని, లోపలికి ఒకసారి మెడ చాచి, "మావోనికి వచ్చిన్నని చెప్పు తాతా" అని పోయాడు. ఆదినారాయణ చేసేది చేస్తున్నా, లోపల లెక్క దానంతటదే నడుస్తోంది. వెళ్లినవాళ్లు ఇరవై నాలుగు. నిలబడ్డవాళ్లు ముప్పై ఏడు.

ఆ ముప్పై ఏడుగురిలో హిమజ తల్లి ఉంది.

హిమజ మూడో తరగతి. రోజూ అందరికంటే చివర ఇంటికెళ్లే పిల్ల. తల్లి కాల్‌సెంటర్‌లో రాత్రి ఉద్యోగం. మధ్యాహ్నం నిద్రపోయి లేచి వచ్చేసరికి ఐదు దాటుతుంది. అందాకా హిమజ గేటు పక్క బెంచీ మీద ఆదినారాయణతో కూర్చుని కబుర్లు చెబుతుంది. కూరగాయల సభ అనే నాటకంలో ఆ పిల్ల వంకాయ వేషం. మొదటి మాట తనదే. మా అమ్మ ఎక్కడ కూర్చుంటుంది తాతా అని వారం రోజులు అడిగితే, "మూడో వరుసల, నడుమ కుర్చీ" అని మాటిచ్చాడు.

తెర తీశారు. ఊదారంగు అట్టలో వంకాయ ముందుకొచ్చింది. మూడో వరుస నడుమ కుర్చీ వైపు చూసింది. అక్కడ బుచ్చమ్మ ఉంది. పిల్ల అటూ ఇటూ చూసింది. పక్కన బెండకాయ, టమాటా కూడా చూస్తున్నాయి. ఏ కుర్చీలోనూ తెలిసిన మొహం లేదు. మాట రాలేదు. నిమిషం గడిచింది. కంగారులో ఆదినారాయణ చెయ్యి ఎత్తాడో, చెమట తుడుచుకున్నాడో గానీ, వంద మంది ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. పిల్ల బెదిరిపోయింది.

"మా అమ్మ ఏది?" అంది మైకులో.

"ఈడ్నే ఉన్న బిడ్డా!" అని గేటు బయట్నుంచి ఒక కేక. తర్వాత ఆదినారాయణ వైపు తిరిగి ఆ తల్లి నెమ్మదిగా అంది, "పొద్దుగాల నుంచి నిద్రపోలే తాతా. దీనికోసమే వచ్చిన. జర పోనియ్యు."

తన మీద అరిచినా బాగుండేది. ఆదినారాయణ ఓంప్రకాష్ వీపు చూశాడు. స్టేజీ మీద వణుకుతున్న వంకాయను చూశాడు. ఇంకో అరగంట ఓపిక పడితే మూడేళ్ల అగ్రిమెంటు. ఈ పిల్ల మాత్రం ఆ అరగంట ఆగలేదు.

రెండు చేతులూ పైకెత్తి, "ప్యాకప్!" అన్నాడు.

వంద మందీ లేచారు. ఇన్నేళ్ల అలవాటు, ఒక్కరు కూడా ఎందుకని అడగలేదు. చీరలు దులుపుకుని, చెప్పులు వెతుక్కుని, వరసగా పక్క గేటు నుంచి వెళ్లిపోయారు. రెండు నిమిషాల్లో కుర్చీలన్నీ ఖాళీ. ముందు వరుసలో ఓంప్రకాష్ ఒక్కడే మిగిలాడు. ముప్పై ఏళ్లుగా తను ఉండే బంగళాను షూటింగులకు ఇస్తున్నవాడాయన. షూటింగ్ ముగించే ఆ ప్యాకప్ కేకకు అర్థమేమిటో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ముప్పై ఏడుగురు లోపలికి వచ్చి తలా ఓ చోట కూర్చున్నారు. హిమజ తల్లి మూడో వరుసలో కూర్చుంది. వంకాయ ముక్కు తుడుచుకుని మొదలుపెట్టింది: "రాజునని పేరే గానీ, నా మాట వినేవాళ్లు ఎవరున్నారు?" అందరూ నవ్వారు. ఆ తర్వాత నాటకం ఆగలేదు.

అయిపోయాక ఓంప్రకాష్ గేటు దగ్గర ఆగాడు. పక్కన తబిత నిలబడి ఉంది.

"ముప్పై ఏడు" అన్నాడాయన. "నేను యాభై అన్న."

"అరవై ఒక్కరు వచ్చిండ్రు సార్. ఇరవై నాలుగు మందిని నేనే గేటు కాడి నుంచి మర్లగొట్టిన. నా తప్పే. లెక్క మాత్రం తప్పు గాదు సార్. ఒక్కొక్క తలకాయ లెక్కపెట్టిన."

ఓంప్రకాష్‌కు కోపం రాలేదు. కోపం వచ్చేంత ఓపిక ఆయనకూ లేనట్టుంది. "బడి ఉండాల్ననే నాకు గూడ ఉండె. నా కొడుకులకు చెప్పనీకి ఒక లెక్క చేతిల పెట్టుండ్రి అన్న, గంతే. గిప్పుడు నీ లెక్క నేను ఎట్ల నమ్మాలె ఆదినారాయణా?"

కారు వెళ్లిపోయింది. ఆదినారాయణ వంద కుర్చీలూ ఒకదానిలో ఒకటి పేర్చడం మొదలుపెట్టాడు. మోకాళ్లు లాగుతున్నాయి. ఇరవై ఆరేళ్లలో తన లెక్కను కాదన్నవాడు లేడు. ఇవాళ జీవితంలోకెల్లా నిఖార్సైన లెక్క చెబితే దానికి విలువ లేకపోయింది. తెచ్చుకున్నది తనే, ఇంకెవరిని తిట్టుకుంటాడు? తబిత వచ్చి రెండో వైపు పట్టుకుంది. చాలాసేపు ఇద్దరూ కుర్చీలే మోశారు.

"నాకు ఒక్క మాట చెప్పి ఉండాల్సిందండీ" అంది చివరికి.

"చెప్తే వద్దంటరని చెప్పలేదమ్మా."

"వద్దనే అనేదాన్ని" అని ఇంకో కుర్చీ అందుకుంది. అంతకంటే రెండు తిట్లు తిట్టినా ఆయనకు ఆ రాత్రి నిద్రపట్టేది.

సోమవారం పొద్దున గంట కొట్టడానికి వచ్చేసరికి తబిత బోర్డు తుడిచి రాస్తోంది. రాబోయే కార్యక్రమాలు. క్రిస్మస్ పాటలు, పరీక్షలు, ఏడో తరగతి వీడ్కోలు. ఏప్రిల్ ఇరవై రెండు, బడి చివరి రోజు. కింద కొంచెం జాగా మిగిలింది. అక్కడ ఇంకో వరుస రాసింది: వార్షికోత్సవానికి వచ్చిన తల్లిదండ్రులు 61.

"అదెందుకమ్మా ఇప్పుడు?" అన్నాడు ఆదినారాయణ. "ఎవరు నమ్ముతరు?"

తబిత చేతికంటిన సుద్ద దులుపుకుంది.

"మీరు లెక్కపెట్టారు కదండీ" అంది.