నా పాత వేషం, మా మనవరాలి ముఖం

కలకత్తా ఖిదిర్‌పూర్ డాక్ క్వార్టర్లలో మా తెలుగువాళ్లం అమ్మవారి పండుగకు ఏటా నాటకం వేస్తాం. నేను ఓడల్లో బస్తాలు మోసిన రోజుల్లో ఆడవేషాలు కూడా మగవాళ్లమే కట్టేవాళ్లం. పన్నెండేళ్లు వరుసగా నాయిక నేనే. మీసం తీయించుకుని, మా ఆవిడ పెళ్లిచీర కట్టుకుని నడుం తిప్పితే ఈలలే ఈలలు. మర్నాడు డ్యూటీలో నా పరువు గురించి ఎవరూ అడగలేదు. బడి మొహం చూడనివాణ్ణి, ఆ నాటకాల పుస్తకాలు కూడబలుక్కునే అక్షరాలు నేర్చుకున్నాను. వేషాలు మానేశాక తెర తాడు లాగే పని నాకు మిగిలింది.

ఈ ఏడు నాయిక వేషం మా మనవరాలికి ఇచ్చారు. సాల్ట్ లేక్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తుంది. తెలుగు చదవడం రాదు. సంభాషణలు నేను చెబుతుంటే బెంగాలీ అక్షరాల్లో రాసుకుని బట్టీ పట్టింది.

పండుగ నాలుగు రోజులుందనగా క్వార్టర్ల వాట్సాప్ గ్రూపులోకి ఒక వీడియో వచ్చింది. ఎవరో సినిమా నర్తకి ఒంటికి మా పిల్ల ముఖం అతికించారు. తారల ముఖాలు ఇలా దొంగిలిస్తున్నారని పేపర్లో చదివినప్పుడల్లా అది బొంబాయి వాళ్ల గొడవ అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గే. ఆ ఒళ్లు కూడా కష్టపడి ఆడి బతికే ఒక ఆడమనిషిదే. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

పిల్ల పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి వచ్చి, మళ్లీ సంభాషణలు పట్టుకుంది. పెద్దలు మాత్రం నన్ను కమిటీ గదికి పిలిచారు.

"అబద్దవేనని మాకూ తెల్సు మావా," అన్నాడు ప్రెసిడెంటు. "కానీ అందరూ సూసేసినారు గదా. ఈ ఏడుకి మీ గుంటని ఏసం కట్టకుండా ఆపేద్దాం."

వీడియో ఎవరు పెట్టారని గ్రూపులో ఒక్కరైనా అడిగారా అన్నాను. అడగలేదు. ఆ గదిలో చూడనివాడు మాత్రం లేడు.

"నానూ ఆడదాని రూపానికి నా మొకం ఎట్టుకున్నోడినే. పన్నెండేళ్లు ఈలలేసి సూసినారు. నన్నెందుకు ఆపలేదు?"

ఒకాయన నవ్వాపుకోలేకపోయాడు. ప్రెసిడెంటు నేల చూస్తూ, "నువ్వు మొగోడివి మావా," అన్నాడు.

"అదే ముక్క కాయితం మీద రాసి సంతకం ఎట్టు. నోటీసు బోర్డుకి నానే అంటిస్తాను."

పెన్ను బల్ల మీదే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. లేచి వచ్చేశాను.

గుమ్మంలోనే మనవరాలు అడిగింది, "ఏటన్నారు తాతా?"

"రెండో రంగంలో తడబడతన్నావు. మల్లీ సెప్పు," అన్నాను.

పండుగనాడు తను మా ఆవిడ పెళ్లిచీరే కట్టింది. ముందు వరసలో ప్రెసిడెంటు కుర్చీ ఖాళీ. కమిటీ కుర్రాడొకడు వచ్చి, తెర తీయకుండా కాస్త ఆగమని పెద్దలు అన్నారని నా చెవిలో చెప్పాడు. నేను తాడు లాగాను. వెనక నుంచి ఎవడో వెకిలిగా ఈల వేశాడు. మా పిల్ల అటే తిరిగి, వాడి వైపే చూస్తూ మొదటి మాట అందుకుంది. ఎక్కడా తడబడలేదు.