రబ్బరు మ్యాట్ మీద ప్రార్థన

ఏలూరు కొత్త జిల్లా అయిన ఏడాది, వానాకాలం మొదట్లో, నన్ను తాడేపల్లిగూడెం నుంచి కొల్లేటి పక్కకి బదిలీ చేశారు. విద్యుత్ శాఖలో సబ్ ఇంజినీరుగా చేరి, మెట్టు మెట్టూ ఎక్కి అప్పటికి అసిస్టెంట్ ఇంజినీరునయ్యాను. లోకం పిలుపులో ఏఈ గారిని. రిటైర్మెంటు కనుచూపు మేరలోకి వచ్చేసింది. నా కింద ఒక ముప్పైమూడు కేవీ సబ్‌స్టేషన్, చుట్టూ చేపల చెరువులు. ఊరి పేరు రాయను. అక్కడివాళ్లు కొందరు ఇంకా సర్వీసులో ఉన్నారు.

ఆ సబ్‌స్టేషన్లో నేనొక మనిషి ప్రాణం కాపాడాను. నలభై మంది చెరువుల ఆసాములు కర్రలు పట్టుకుని "కరెంటిస్తావా, ఇవ్వవా" అంటూ గుమ్మం మీద పడితే, కంట్రోల్ ప్యానెలుకి వీపు ఆనించి, రెండు చేతులూ బార్లా చాచి, "ముందు నన్ను దాటండి చూద్దాం" అన్నాను. గూడెం స్టేషన్ రోడ్డులో టీకొట్టు దగ్గర ఈ సంగతి చాలాసార్లు చెప్పాను. విన్నవాళ్లెవరూ టీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు.

ఆ రోజు సంగతికి వెళ్లేముందు మా పనిలో ఒక పద్ధతి చెప్పాలి. సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకీ చెరువులకీ వెళ్లే పదకొండు వేల వోల్టుల లైనుని ఫీడరు అంటాం. దాని మీద పని పడితే లైన్‌మన్ ఏఈ అనుమతి తీసుకుని సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేస్తాడు. అక్కడ షిఫ్ట్ ఆపరేటరు ఆ ఫీడరు ఆపి, ప్యానెల్ హ్యాండిల్‌కి "మనుషులు పనిచేస్తున్నారు" అన్న బోర్డు తగిలిస్తాడు. అప్పుడు లైన్‌మన్‌కి ఒక నంబరు ఇస్తాడు. దీన్ని లైన్ క్లియర్ అంటాం, వాడుకలో ఎల్‌సీ. నంబరు అందాక లైన్‌మన్ తీగలకి ఎర్త్ రాడ్లు తగిలించి, అంటే పొరపాటున కరెంటు వచ్చినా భూమిలోకి పోయేలా చేసి, అప్పుడు స్తంభం ఎక్కుతాడు. పని అయ్యాక రాడ్లు తీసి, కిందకి దిగి, ఫోన్ చేసి ఎల్‌సీ తిరిగిస్తాడు. ఇందులో ప్రాణమంతా ఒక్క నియమంలో ఉంది. తీసుకున్నవాడే తిరిగివ్వాలి, తన గొంతుతో తానే చెప్పాలి. వాడి భార్య చెప్పినా చెల్లదు, మా పై అధికారి ఎస్ఈ గారు చెప్పినా చెల్లదు.

ఆ సబ్‌స్టేషన్లో పగటి షిఫ్టు ఆపరేటరు యోహాను. పొట్టి మనిషి. నాకంటే రెండు మూడేళ్లు చిన్న. నేను మొదటిసారి తనిఖీకి వెళ్లినప్పుడు, ప్యానెల్ ముందు నేల మీద షాకు కొట్టకుండా వేసే నల్ల రబ్బరు మ్యాట్‌లో, ఒక్కచోట రెండు గుంటలు పడి నున్నగా మెరుస్తున్నాయి. "ఇదేంటయ్యా, ఎలకలా?" అన్నాను.

"కాదండి, మోకాళ్లండి," అన్నాడు.

ఎల్‌సీ తిరిగొచ్చిన ప్రతిసారీ, ఫీడరు ఛార్జ్ చేసే ముందు, అంటే మళ్లీ కరెంటు వదిలే ముందు, అక్కడ మోకాళ్లేసి ప్రార్థన చేసుకుంటాడట. "ఇది ఏ సర్క్యులర్లో ఉందోయ్?" అని ఎగతాళి చేశాను. అతను నవ్వాడు. సంగతి తర్వాత అతనే చెప్పాడు.

చాలా ఏళ్ల కిందట, డెల్టా వైపు ఇంకో సబ్‌స్టేషన్లో ఉన్నప్పుడు, ఎవరో ఫోన్ చేసి "మీ వీర్రాజు దిగిపోయాడండి" అంటే నమ్మి ఫీడరు ఛార్జ్ చేశాడు. లైన్‌మన్ వీర్రాజు ఇంకా పైనే ఉన్నాడు. ప్రాణం దక్కింది గానీ కుడి చెయ్యి పోయింది. ఎంక్వయిరీలో, వీర్రాజే ముందుగా ఎల్‌సీ తిరిగిచ్చేశాడని తేల్చారు. యోహాను నోరు విప్పలేదు.

"ఊరుకున్నానండి. అదే నా పాపం," అన్నాడు నాతో. "పొద్దున్నే ప్రార్థన చేస్తే తేలికయ్యేది. మధ్యాహ్నానికి మళ్లీ బరువు. క్షమించు, క్షమించు అని అడుగుతూనే ఉన్నాను. ఓరోజు నాకే అనిపించింది, చెయ్యి పోయింది దేవుడిది కాదు కదా, వీర్రాజుది కదా అని."

అంతే, వీర్రాజు ఇంటికి వెళ్లి చెప్పాడట. వీర్రాజు తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టి, చివరికి, "నించున్నావేంట్రా, కూచో, అన్నం తినెళ్లు" అన్నాడట. ఆ తర్వాత యోహాను ఆఫీసుకి కూడా నిజం రాసిచ్చి, ఇంక్రిమెంట్లు పోగొట్టుకున్నాడు. మోకాళ్లేయడం అప్పట్నుంచి.

విన్నాక మళ్లీ సర్క్యులర్ మాట ఎత్తలేదు. డిపార్ట్‌మెంట్లో నేను చూసిన మొనగాళ్లందరూ ఎదుటివాడి తప్పు పట్టినవాళ్లే. అడగకుండా తన తప్పు తానే రాసిచ్చినవాణ్ని ఇతన్నొక్కణ్నే చూశాను.

ఇక ఆ రోజు. మూడు రోజులుగా ముసురు. సూర్యుడు లేడు, గాలి లేదు. అలాంటి వాతావరణంలో చెరువు నీళ్లలో ఊపిరి తగ్గిపోతుంది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. దాన్నే చేప తేలడం అంటారు. నీళ్లని చిలికి గాలి కలిపే మోటార్లు, ఏరేటర్లు, ఆగకుండా తిరగాలి. సరిగ్గా ఆ ఉదయమే ఫీడరు మీద ఒక ఇన్సులేటరు పగిలింది. మా లైన్‌మన్ రాంబాబు నా అనుమతితో ఎల్‌సీ తీసుకుని చెరువుల గట్టు మీద పనిలోకి దిగాడు. నేను సబ్‌స్టేషన్లోనే ఉన్నాను.

కాసేపటికి సూర్యారావు గారు వచ్చారు. ఆ ఫీడరు మీద పెద్ద చెరువులన్నీ ఆయనవే. జనరేటరు రిపేరుకి వెళ్లిందట. కాళ్లకి మోకాలి దాకా బురద, పంచె తడిసిపోయి ఉంది.

"ఏఈ గారూ, చేప తేలిపోతోందండీ. ఇంకో పావుగంట ఆగితే వెల్లకిలా పడిపోతుంది. ఏడాది కష్టమండీ."

"రాంబాబు ఫోన్ రావాలండి," అన్నాన్నేను.

"మా కాపలావాడు అక్కడే ఉన్నాడండీ, అడగండి," అని తన ఫోన్ స్పీకర్లో పెట్టారు. కాపలావాడు మంచివాడే, అబద్ధమాడే మనిషి కాదు. "ఆయ్, దిగిపోయాడండి. రాడ్లు కూడా తీసేశాడండి. నా కళ్లతో చూశాను," అన్నాడు. రాంబాబు ఫోనుకి చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు.

ఇక్కడ టీకొట్టు కథకీ అసలు కథకీ దారులు వేరవుతాయి. నలభై మంది లేరు. సూర్యారావు గారితో వచ్చినవాళ్లు నలుగురు. అందులో ఒకాయన ఆయన బావమరిది, ఇంకొకాయన ఊరికే తోడొచ్చాడు. కర్రలు లేవు, గొడుగులు. ప్యానెలుకి వీపు ఆనించింది నేను కాదు. నేను గుమ్మం పక్కన, ఒక్క అడుగేస్తే బయటపడేంత దూరంలో నిలబడ్డాను.

సూర్యారావు గారు నన్ను వదిలి యోహాను వైపు తిరిగారు. "యోహానూ, మీ ప్రార్థన మందిరానికి శ్లాబు ఎవరు పోయించారోయ్?"

"తవరేనండి."

"ఇన్నాళ్లలో ఆ మాట ఎప్పుడైనా ఎత్తానా?"

"ఎత్తలేదండి."

"ఇవాళ ఎత్తుతున్నాను."

కోపంతో అన్నది కాదు, ఏడుపొస్తోంది ఆయనకి. యోహాను నావైపు చూశాడు. ఆ చూపుకి అర్థం, మీరు అధికారి, మీరే చెప్పండి అని. నేనేమన్నానో తెలుసా? "చూడు మరి," అన్నాను.

ఉద్యోగం చేసినవాళ్లకి ఈ మాట విలువ తెలుస్తుంది. "చూడు మరి" అంటే అవునూ కాదు, కాదూ కాదు. అంతా బాగా జరిగితే అది నా ఆర్డరు, బెడిసికొడితే వాడి తొందరపాటు. ముప్పైయేళ్ల సర్వీసులో నేను నేర్చుకున్న గొప్ప విద్య అది.

అలా అని సూర్యారావు గారి ముఖంలోకి చూస్తున్నాను. ఏం చేస్తారోనని. నా వెనక ధబ్బుమని చప్పుడైంది. తిరిగి చూస్తే యోహాను మ్యాట్ మీద మోకాళ్లేసి ఉన్నాడు. ఎల్‌సీ తిరిగి రాకముందే. ఎప్పుడూ మనసులోనే చేసుకునేవాడు, ఆ రోజు పైకే అన్నాడు.

"తండ్రీ, వీర్రాజు చెయ్యి నీకు తెలుసు. నావల్ల పోయింది. ఇంకో చెయ్యి పోనివ్వకు. ఇచ్చేద్దామని ఉంది నాకు. ఈయన ముఖం చూళ్లేకపోతున్నాను. కాపలావాడు నిజమే చెప్తున్నాడేమోనని ఆశగా కూడా ఉంది. నా బలం చాలదు, నువ్వు పట్టుకో. ఏఈ గారికి కూడా చాలట్లేదు, ఆయన్ని కూడా చూసుకో."

నా సర్వీసులో నా మీద రిపోర్టులు చాలానే వెళ్లాయి, చీఫ్ ఇంజినీరు దాకా వెళ్లినవి కూడా ఉన్నాయి. అంత పైకి వెళ్లింది మాత్రం అదొక్కటే.

సూర్యారావు గారు వెంకన్న భక్తుడు. అయినా ప్రార్థన వినబడగానే అలవాటుగా చెప్పులు విడిచేశారు. బావమరిది ఏదో అనబోతే చేత్తో ఆపారు. యోహాను లేచి, హ్యాండిల్‌కీ తనకీ మధ్య బారెడు దూరం ఉంచి నిలబడి, "రాంబాబు గొంతు వినేదాకా ఇవ్వనండి. నన్ను క్షమించండి," అన్నాడు.

అప్పుడు నేనొక్క మంచిపని చేశాను. ఇది మాత్రం కల్పన కాదు. బండి తీసుకుని గట్టు మీదకి పోయాను. సూర్యారావు గారు వెనక ఎక్కి కూచున్నారు. రాంబాబు బండి మొదటి స్తంభం దగ్గర ఆపి ఉంది. హ్యాండిల్‌కి చొక్కా వేలాడుతోంది, చొక్కా జేబులో ఫోన్ మోగుతోంది. మనిషి అక్కడ లేడు. గట్టు మలుపులో, తుమ్మచెట్ల వెనక, రెండో స్తంభం మీద ఉన్నాడు. ఒంటి మీద బనీను, చేతులు తీగ మీద. రాడ్లు లేవు. పనయిపోయిందని రాడ్లు తీసి దిగాక, ఆ స్తంభం మీద జంపరు, అంటే తీగకీ తీగకీ కలిపే ముక్క, వదులుగా కనబడిందట. ఒక్క నిమిషం పనే కదా అని ఎక్కేశాడు. కాపలావాడు చూసింది నిజమే, ఆ తర్వాతది చూడలేదు.

రాంబాబు కిందకి చూసి, "సార్, వచ్చేస్తున్నానండి, తిట్టకండి," అన్నాడు. సూర్యారావు గారు బురదలోనే చతికిలబడ్డారు.

తర్వాత పద్ధతి ప్రకారం రాంబాబు దిగాడు, ఫోన్ చేశాడు, ఎల్‌సీ తిరిగిచ్చాడు. యోహాను రెండోసారి మోకాళ్లేసి, ఫీడరు ఛార్జ్ చేశాడు. ఒక చెరువు అప్పటికే పోయింది. చేప తెల్లటి పొట్టలతో నీళ్లు కనబడకుండా పరుచుకుంది. మిగిలినవి దక్కాయి. ప్రార్థన చేశాడు గనక చేపలన్నీ బతికాయని రాస్తే కథ బాగుండేది. నేనే అయితే టీకొట్టు దగ్గర బతికించేసేవాణ్ని.

కొన్నాళ్లకి సూర్యారావు గారు సబ్‌స్టేషన్‌కి వచ్చారు. నేనూ ఉన్నాను. "ఆ శ్లాబు మాట అన్నప్పట్నుంచి నిద్ర లేదోయ్ యోహానూ. మనిషి పైనున్నాడని తెలీదు గానీ, తెలుసుకుందామని కూడా లేదు నాకు ఆ పూట. నా కోసం కూడా ఓ ముక్క ప్రార్థన చెయ్యి," అన్నారు.

"చేస్తానండి. మీరు కూడా మీ వెంకన్నకి చెప్పుకోండి," అన్నాడు యోహాను. "కాకపోతే ముందు రాంబాబుకి చెప్పండి. నేను దేవుడికి ముందు, మనిషికి వెనక చెప్పి చాలా ఏళ్లు పాడుచేసుకున్నాను."

ఆయన వెళ్లారు. ఏం మాట్లాడుకున్నారో ఎవరూ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకి చెప్పేది ఇంతే. అధికారి అవుననాలి, లేదా కాదనాలి. "చూడు మరి" అన్న మాట ఎల్‌సీ పుస్తకంలో లేదు. ఆ మాట నాలిక మీదకి వచ్చినప్పుడల్లా నోరు మూసుకుని మా ఆంజనేయస్వామిని తలుచుకోవడం అలవాటు చేసుకున్నాను. రిటైరయ్యేదాకా ఆ మాట మళ్లీ అనలేదు. రెండోది, తప్పు చెయ్యనని ధీమా ఉన్నవాడి కంటే, చేస్తానేమోనని భయపడి అడుక్కునేవాడి చేతిలో హ్యాండిల్ ఉండటం క్షేమం. అందరూ తడబడిన పూట స్తంభంలా చెక్కుచెదరకుండా నిలబడ్డవాడు యోహాను ఒక్కడే.

ఇక్కడిదాకా రాసి, పోయిన నెల యోహాను గూడెం వస్తే చదివి వినిపించాను. అతనూ రిటైరయ్యాడు. చివరిదాకా విని, టీ గ్లాసు కింద పెట్టాడు.

"బాగానే రాశారు గానీండి, ఆ చివరి మాట అబద్ధమండి. తవరు చూళ్లేదు గానీండి, 'చూడు మరి' అనేలోపే బోర్డు తీసేశాను. చెయ్యి హ్యాండిల్ మీదుంది. తిప్పేద్దామనే పెట్టానండి. తీద్దామంటే రాలేదు. ఆ హ్యాండిలేమో నా తల ఎత్తున ఉంటుంది కదండి. మోకాళ్లేస్తే అందదు. అందుకు పడ్డానండి కింద."