నడిమి కుండలోని బొగ్గు

1967 వర్షాకాలం మొదట్లో, తార్నాకను ఆనుకుని ఉన్న విశ్వవిద్యాలయ క్యాంపస్‌లో, నీటి పరీక్షల విభాగంలో నాకు జూనియర్ కెమిస్టుగా పోస్టింగు వచ్చింది. మా పైన ఒక రీడర్ గారు ఉండేవారు. రీడరంటే ప్రొఫెసర్‌కు కింద, లెక్చరర్‌కు పైన ఉండే హోదా. ఆ ఏడు హాస్టళ్లలో కామెర్లు, విరేచనాలు బాగా వచ్చాయి. క్వార్టర్లలో ఉన్నవాళ్లంతా ఏ ఫిల్టర్ కొనమంటారని మా గుమ్మం ముందు నిలబడటం మొదలుపెట్టారు. ఒక్కొక్కరికీ జవాబు చెప్పలేక విసిగిపోయి రీడర్ గారు, ఇళ్లలో వాడే ఫిల్టర్లను పక్కపక్కన పెట్టి పోల్చే పనిని నాకూ, నాకంటే ముందే ఉద్యోగంలో చేరిన యాదగిరికీ అప్పగించారు.

పోల్చవలసినవి మూడు. ఒకటి, పింగాణీ జాడీలో తెల్లని క్యాండిల్ బిగించిన ఫిల్టర్. కాస్త ఉన్నవాళ్ల ఇళ్లలో కనిపించేది. రెండోది మూడు కుండల ఫిల్టర్. కర్ర స్టాండు మీద ఒకదానిపై ఒకటి మూడు కుండలు. పై కుండలో మామూలు నీళ్లు పోస్తే, నడిమి కుండలోని ఇసుక, బొగ్గుల గుండా దిగి కింది కుండలోకి చేరతాయి. మూడోది మరగబెట్టి గుడ్డతో వడగట్టడం. ఈ మూడింటిలో క్రిములు ఏ మేరకు పోతున్నాయి, నీటిలో కరిగి ఉన్న ఖనిజ లవణాలు ఏ మేరకు మిగులుతున్నాయి అన్నది తేల్చాలి. క్రిముల కోసం నీటిని పోషక ద్రావణంతో కలిపి గాజు గొట్టాల్లో పోసి వెచ్చని పెట్టెలో ఉంచేవాళ్లం. కలుషితమైన నీరైతే లోపల బోర్లించిన చిన్న గొట్టంలో గాలి బుడగ చేరుతుంది. లవణాల కోసం మరో ద్రావణాన్ని చుక్కచుక్కగా వేస్తూ, ఎరుపు నీలంగా మారే క్షణాన్ని పట్టుకోవాలి. రెప్ప వేస్తే మళ్లీ మొదటికి.

తార్నాకలో నేనూ, యాదగిరి దంపతులూ ఒకే ఇంట్లో చెరో వాటాలో అద్దెకుండేవాళ్లం. ఇంటావిడ మేరమ్మ గారు సీతాఫల్‌మండిలో పంతులమ్మగా పనిచేసి రిటైరయ్యారు. ఆవిడ క్యాండిల్ ఫిల్టర్ కూడా మా పరీక్షలో ఉంది. "గిన్నిసార్లు వడగడితే నీళ్లల్ల సత్తువ ఏం మిగుల్తదమ్మా?" అని ఆవిడ బెంగ. క్యాండిల్ రంధ్రాలు క్రిములను ఆపుతాయే గాని కరిగిన లవణాలను ఆపవని చెప్పాక కుదుటపడ్డారు. కానీ ఆవిడ ఆ నీళ్లను బిందెలోకి పట్టి, పొద్దస్తమానం చెంబు ముంచేవారు. ఫిల్టర్ కుళాయి దగ్గర శుభ్రంగా ఉన్న నీళ్లనే బిందెలోంచి తీసి పరీక్షిస్తే గొట్టంలో బుడగ వచ్చింది. ఆ సంగతి చెప్పినందుకు "నా చెయ్యి మురికంటవా?" అని కొన్నాళ్లు నాతో మాట మానేశారు. మా రిపోర్టులో అన్నిటికంటే పనికొచ్చిన ముక్క మాత్రం అదే.

యాదగిరి బెంగ వేరు. అతనిది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. ఆ ఊరి బావుల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. అదీ ఖనిజమే, కానీ మోతాదు మించితే పిల్లల పళ్లకు గోధుమరంగు చారలు వస్తాయి, పెద్దవాళ్ల వెన్నూ మెడా బిగుసుకుపోతాయి. అదే ఊళ్లో ఇచ్చిన అతని అక్క సత్తెమ్మకు అప్పటికే మెడ సరిగ్గా తిరిగేది కాదు. ఆమె కూతురు అంజమ్మకు పాలపళ్లు ఊడి వచ్చిన కొత్త పళ్లు చారలతోనే వచ్చాయి. పళ్ల మీది చారలు ఇక పోవు. ఎముకలు ఇంకా ముదరలేదు కనుక వాటినైనా కాపాడాలని యాదగిరి తపన. లవణాలు మిగిలితే మంచిదని మేము ఊరందరికీ చెబుతున్న రోజుల్లో, ఒక్క లవణం పోతే చాలని అతను ఎదురుచూశాడు.

అక్క ఇంటి బావి నీళ్లను సీసాలో తెచ్చి మూడు ఫిల్టర్లలోనూ పోశాడు. ఫ్లోరైడ్ పరీక్షలో నీటికి ఒక ఎర్రని ద్రావణం కలుపుతాం. ఫ్లోరైడ్ ఉన్న కొద్దీ ఎరుపు పసుపులోకి తిరుగుతుంది. గొట్టాలను తెల్ల పలక మీద నిలబెట్టి, పగటి వెలుతురులో పైనుంచి లోపలికి చూసి రంగులు పోల్చాలి. క్యాండిల్ నీళ్లు పసుపు. కుండల నీళ్లు పసుపు. మరగబెట్టినవి ఇంకాస్త పసుపు, ఎందుకంటే ఆవిరయ్యేది నీరే గాని ఫ్లోరైడ్ కాదు. యాదగిరి గొట్టాలు కడిగేశాడు.

కట్టెబొగ్గుకు బదులు ఎముకల బొగ్గు వాడితే ఫ్లోరైడ్‌ను పట్టుకుంటుందని చెప్పినవారు రీడర్ గారు. పాత జర్నళ్లలో ఎక్కడో చదివారట. ఎరువుల మిల్లులకు గొడ్ల ఎముకలు పంపే వ్యాపారి ముషీరాబాద్‌లో ఉంటే, యాదగిరి వెళ్లి ఒక గోనె తెచ్చాడు. గాలి తగలకుండా మూసి కొలిమిలో కాల్చాలి. తక్కువ కాలితే నీళ్లకు వాసన వస్తుంది, ఎక్కువ కాలితే తెల్లబడి పనికిరాదు. ఆ కంపుకు మా విభాగం పై అంతస్తువాళ్లు వచ్చి మా మీద విరుచుకుపడ్డారు కూడా. ఆ బొగ్గును జొన్నల సైజుకు దంచి, జల్లెడ పట్టి, బాగా కడిగి నడిమి కుండలో పోశాం. ఈసారి గొట్టంలో ఎరుపు ఎరుపుగానే నిలిచింది. యాదగిరి ఆ గొట్టాన్ని పట్టుకుని కారిడార్ అంతా తిరిగాడు.

మరి అక్కకు ఏమని చెప్పాలి? బొగ్గని చెబితే చాలు, అందులో అబద్ధం లేదుగా అన్నారు రీడర్ గారు. గొడ్డు ఎముకలని తెలిస్తే ఆ నీళ్లు ఆమె ముట్టదని యాదగిరికి తెలుసు. నాకూ అదే సబబనిపించింది. కుండలు ఊరికి చేరాయి. నీళ్లు తేలిగ్గా, తియ్యగా ఉన్నాయని సత్తెమ్మ కబురు పంపింది. అతను తెచ్చిన నమూనాలన్నీ ఎర్రగా నిలిచాయి. ఆ కొన్ని నెలలూ యాదగిరి ముఖంలో కనిపించిన వెలుగు నాకు ఇప్పటికీ గుర్తే.

ఎముకల బొగ్గు కొన్నాళ్లకు సత్తువ కోల్పోతుంది, మార్చాలి. రెండోసారి పంపవలసి వచ్చినప్పుడు లాబొరేటరీకి సెలవులు. ముందే కాల్చి ఉంచిన ఎముకలను యాదగిరి ఇంటి వెనకే రోట్లో దంచి, జల్లెడ పట్టకుండానే సంచిలో కట్టి ఊరి మనిషి చేతికిచ్చాడు.

ఆ తరవాతి ఆదివారం పొద్దున సత్తెమ్మ బస్సెక్కి తార్నాక వచ్చింది. నేను వరండాలో ఉన్నాను. యాదగిరి భార్య నీళ్లిస్తే తాగలేదు. కొంగు ముడి విప్పి, బొటనవేలంత నల్లటి ముక్క ఒకటి గడప మీద పెట్టింది.

"తమ్మీ, ఇదేంది?"

"బొగ్గే అక్కా."

"ఎడ్ల నడుమ పెరిగిన్రా నేను. కీలు బొక్కను గుర్తువట్టనా?" బొక్కంటే ఆ వైపు ఎముక. "పోచమ్మకు బోనం గూడ గీ నీళ్లతోనే వండిన. మంచి నీళ్లని, మా తమ్ముడు పంపిండని."

యాదగిరి గడప దగ్గర కూర్చుని ఆ ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. పిల్ల కోసమే చేశాననీ, చెబితే తాగవనుకున్నాననీ అన్నాడు.

"గొడ్డుదని చెప్తే తాగకపోదును. నిజమే. మ్యాకలను, గొర్లను కోసుకునేటోళ్లమే గదరా మనం! గవి పనికిరావా అని నన్ను ఒక్కమాట అడగకపోతివి."

ఆమె గట్టిగా అరిచి ఉంటే బాగుండుననిపించింది. వచ్చిన దారినే, మెడ నిటారుగా పెట్టుకుని తిరిగి వెళ్లిపోయింది. మెడను ఇంకోలా పెట్టే వీలు ఆమెకు లేదు.

మేక ఎముకల ఆలోచన మాలో ఎవరికీ రాలేదు. రీడర్ గారింట్లోనూ మా ఇంట్లోనూ మాంసం వండరు. మాకు ఎముకలన్నీ ఒకటే. యాదగిరి తినేవాడే, కానీ దాచాలని ముందే నిశ్చయించుకున్న మనిషి ఇక అడగడం గురించి ఆలోచించడు. మర్నాడే అతను మేక ఎముకలు తెచ్చి కాల్చాడు. గొట్టంలో ఎరుపు అంతే నిలిచింది, రవ్వంత తేడా లేదు. జల్లెడ పట్టి, కడిగి, స్వయంగా మోసుకుపోయాడు.

సంచిని అలాగే వెనక్కి తెచ్చాడు. అక్క గుప్పెడు బొగ్గు చేతిలో పోసుకుని చూసిందట. "అదీ నల్లగనే ఉండె, ఇదీ నల్లగనే ఉన్నది. ఇది మ్యాకదని నీ మాట మీదనే నమ్మాలె. గా మాటనే పాయె గదరా" అన్నదట. అంజమ్మ బావి నీళ్లే తాగుతూ పెరిగింది. పెళ్లయ్యాక ఒకసారి మేనమామను చూడటానికి తార్నాక వచ్చింది. నేను పక్కనుంచి పలకరిస్తే, నావైపు చూడటానికి మెడ తిరగక మనిషంతా తిరిగింది.

మా రిపోర్టు 1967 చివర్లోనే వెళ్లింది. క్యాండిల్ వాడండి, చెంబు ముంచకండి అని రాశాం. ఎముకల బొగ్గు గురించి అందులో లేదు. యాదగిరి ఆ తరవాత మురుగునీటి విభాగానికి బదిలీ అడిగి వెళ్లిపోయాడు. ఫ్లోరైడ్ పరీక్ష మళ్లీ చేయలేదు.

తరవాత నేను చేసిన సర్వీసులో, ఎవరింటికి ఏ ఫిల్టర్ పంపినా, అందులో ఏముందో ముందు ఆ ఇంటివాళ్లకు చెప్పి, వాళ్లు ఒప్పుకున్నాకే పరీక్ష మొదలుపెట్టాను. కొందరు వద్దన్నారు, అక్కడితో ఆపేశాను. మేక బొగ్గునూ గొడ్డు బొగ్గునూ వేరుచేసి సత్తెమ్మకు చూపించగల పరీక్ష మా లాబొరేటరీలో లేదు. అందుకు ఉన్న ఒకే ఆధారం ఆమె తమ్ముడి మాట. దాన్ని మేము మొదటి సంచితోనే ఖర్చుపెట్టేశాం.